తిరుగు దారికి గింజలు

మా ఆయన అబద్ధం చెప్పేటప్పుడు కారణాలు ఎక్కువ చెబుతాడు. నిజమైతే ఒక్క మాటతో సరిపెడతాడు. ఈ సంగతి నాకు పెళ్లయిన కొత్తలోనే తెలిసింది, ఆయనకు ఇప్పటికీ తెలియదు. అందుకే ఆ ఏడు వరి పొట్టమీద ఉండగా, ఆయన, అంటే ఊరందరి సాంబన్న, వసారాలో చింతగింజలు పరిచి దేశ పటం వేసి, చలి గురించి అంత వివరంగా చెప్పడం మొదలుపెట్టగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఇగో, ఇది మన సిరొంచ," అని ఒక గింజ పెట్టాడు. "అందరేం జేస్తరు? కోతలు కాంగనే కాశికి ఎగవడ్తరు. పుష్యమాసంల ఆడ పొగమంచు పడ్తది, ముందట పోయే లారీ కనవడది. మనం అట్ల పోవద్దు. ముందుగాల్ల దక్షిణం దిక్కు దిగుదాం. రామేశ్వరం, కన్యాకుమారి. ఆడ చలే ఉండది. శివరాత్రికి చలి శివశివ అనుకుంట పోతదా, అది పోతాంటే దాని ఎనుకనే మనం మీదికి ఎక్కుదాం. కాశి చూసుకొని హోలీకి హరిద్వార్ల ఉంటం."

ఎంత బాగుందో చూడండి. చలికి ముందు పరుగెత్తి, మళ్లీ దాని వెనకే నడవడం. పటం మీద తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆయన జీవితంలో ఏ పనికీ ఇంత మంచి కారణం చెప్పలేదు. అదే నాకు నచ్చలేదు.

"కాశికి ఆలపెల్లి మీదికెళ్లి, చాందా మీదికెళ్లి తిన్నగ తొవ్వ ఉండంగ, గోదారి దాటుడెందుకు?" అన్నాను.

"చెప్తి గదనే. చలి."

సాంబన్న బస్సు డ్రైవరు. గోదారికి ఇవతల మహారాష్ట్రలో ఉన్న మా సిరొంచ నుంచి అడవి రోడ్ల మీద ఆలపెల్లికి, భామ్రాగడ్‌కు ఆయన నడపని రోజు లేదు. ఆ వేసవిలోనే ఉద్యోగం నుంచి దిగాడు. దిగినవాడు మా చెలక చూసుకుంటాడనుకుంటే, చాందాలో పెళ్లి బ్యాండు వాళ్లు వాడి వదిలేసిన పాత మటడోర్ వ్యాను కొని తెచ్చాడు. దాని పక్కన బాకా ఊదుతున్న మనిషి బొమ్మ ఇంకా ఉంది. సీట్లు పీకేసి రెండు మంచాలు బిగించాడు. పొయ్యి పెట్టుకోవడానికి తగరపు బల్ల, నీళ్లకు డ్రమ్ము, కిటికీలకు పరదాలు. ఊరంతా దాన్ని "ఇల్లు బండి" అనసాగింది. మా ఆయనకు ఆ పేరు వింటే ఎందుకో ముఖం మారేది. అదీ గమనించాను.

గమనించింది నేనొక్కదాన్నే కాదు. మా ప్రాంతంలో దారుల గురించి అడిగేవాణ్ణి ఎవరూ ఊరికే వదలరు. ఏ వాగు మీద వంతెన గట్టిది, ఏ మలుపులో మంచు ఎప్పుడు విడుస్తుంది, ఏ రోడ్డు మీద రాత్రి బళ్లు తిరుగుతాయి అని అడిగితే, అడిగినవాడు ఎవరి మనిషి అని అటు అడవిలోవాళ్లూ ఇటు పోలీసులూ లెక్కలు వేస్తారు. సాంబన్న చేసేది సరిగ్గా అదే. వెదురు బొంగు పట్టుకుని రేవుకు పోయి నీళ్ల లోతు చూసేవాడు. రెండు పడవలు జోడించి పలకలు పరిస్తే ఎంత బరువు ఆగుతుందని పడవవాళ్లను అడిగేవాడు. ఒక కానిస్టేబులు వచ్చి వ్యాను లోపలా కిందా చూసి, "తీర్థయాత్రా?" అని మరాఠీలో అడిగి, జవాబు వినకుండానే నవ్వి పోయాడు. ఛాయ్ హోటలు దగ్గర జగ్గయ్య అయితే మొహం మీదే అన్నాడు: "ఇల్లు ఉండంగ ఇంకో ఇల్లు ఎందుకే సాంబన్నా? ఏం, ఉన్న ఇంట్ల పోరు ఎక్కువైందా?"

అందరూ నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను, కాని ఆ మాట నాకు ముల్లులా దిగింది.

అసలు ఈ మనిషి వానాకాలం నుంచీ మారిపోయాడు. భామ్రాగడ్ రోడ్డు మీది గోండు గూడెం నుంచి జంగు అనే ఆయన మా ఇంటికి వచ్చేవాడు. మా ఆయన బస్సులో ఎక్కీ ఎక్కీ స్నేహం కలిసింది. తేనె తెచ్చేవాడు, అన్నం తినిపోయేవాడు, నాతో హాస్యాలాడేవాడు. ఆ వానల్లో ఒకరోజు వచ్చి గడప బయటే నిలబడ్డాడు. ఛాయ్ ఇస్తే ముట్టలేదు. మా ఆయనతో గొడ్ల కొట్టం వెనక ఏదో మాట్లాడి, నా ముఖం చూడకుండా పోయాడు. మళ్లీ రాలేదు.

"ఏమన్నడు?" అని అడిగాను.

"ఏం లేదు, బిడ్డ పెండ్లి ముచ్చట. పిల్లగాడు మంచోడే, కని దూరమైతదని పరేషాన్ అయితాండు. ఎడ్లు అమ్మాల్నా వద్దా అని అడుగవట్టె..."

జంగు ఒక్కగానొక్క కూతురి పెళ్లికి అంతకు ముందు ఏడే ఇద్దరం పోయి భోంచేసి వచ్చాం. అబద్ధం దొరికిన వెంటనే పట్టుకోకూడదు, దాని తల్లి ఎక్కడుందో చూడాలి.

చింతగింజలు రోజూ వసారాలో అలాగే ఉండేవి. ఆయన రేడియోలో చలి వార్తలు వింటాడు, ఎస్‌టీడీ బూత్‌కు పోయి నాగపూర్‌లో ఉన్న పాత డ్రైవరుతో మంచు సంగతి మాట్లాడతాడు, వచ్చి ఒక గింజను ఇటు జరుపుతాడు, ఒకదాన్ని అటు. ఒకరోజు ఊడుస్తూ చీపురు ఆపి చూశాను. సిరొంచ నుంచి కాళేశ్వరం, అక్కడి నుంచి కిందికి వరసగా గింజలు. కింది నుంచి కాశికి, కాశి నుంచి హరిద్వార్‌కు గింజలు. హరిద్వార్ దగ్గర ఆగిపోయాయి. అక్కడి నుంచి మా ఇంటికి ఒక్క గింజ లేదు.

"తిరిగి వచ్చే తొవ్వకు గింజలేవి?" అన్నాను.

"ఆఁ, వచ్చేటప్పుడు తొవ్వ ఎరుకే గద," అన్నాడు, రేడియో గొంతు పెంచి.

కోతలు అయ్యాయి. కల్లం లేచింది. మా ఆయన విత్తనానికి మంచి గొలుసు వడ్లు ఎంచి పక్కన పెట్టాడు. ప్రతి ఏడూ చేసే పనే. ప్రతి ఏడూ అవి వెనక గదిలో గుమ్మిలోకి పోతాయి. ఆ ఏడు గుమ్మి మూత తీస్తే ఖాళీగా ఉంది. వెతికితే వ్యానులో నా మంచం కింద, గొంగళి కప్పిన మూటలో దొరికాయి.

వేరేవాళ్లకు ఇది చిన్న విషయం కావచ్చు. తీర్థానికి పోయేవాడు బియ్యం పట్టుకుపోతాడు, ఉప్పూ పప్పూ పట్టుకుపోతాడు. విత్తనం పట్టుకుపోడు. మా దిక్కు విత్తనం వడ్లు గడప దాటితే పొలానికైనా పోవాలి, లేకపోతే ఇల్లే మారుతూ ఉండాలి. మూట ఒళ్లో పెట్టుకుని ఆ మంచం మీదే కూర్చున్నాను. ఈయన ఎక్కడో వచ్చే వానాకాలం నాటు వేయబోతున్నాడు. ఎవరి పొలంలో? ఎవరితో?

ఆ మాటకు జవాబు మా పక్కింటి నర్సక్క ఇచ్చింది, తను ఇస్తున్నానని తెలియకుండానే. నర్సక్క మనసులో కల్మషం లేని మనిషి, విన్నది విన్నట్టు ఒలకబోస్తుంది. "వదినె, మా ఆయన కాళేశ్వరం పోయినప్పుడు చూసిండట. అన్న ఆ యాదక్క హోటల్లనే కూసుంటాండట. బాగ తెల్సినోళ్ల లెక్క మాట్లాడుకుంటాండ్రట," అంది.

యాదక్క అవతలి రేవులో ఇడ్లీ హోటలు నడిపే మనిషి. భర్త లేడు. అన్నదమ్ములకు మంథని దిక్కు పొలాలున్నాయని అందరికీ తెలుసు. పొలం దొరికింది, గోదారి దాటడానికి కారణం దొరికింది, విత్తనం మూట ఎవరింట్లో దిగుతుందో దొరికింది. నన్ను రామేశ్వరం అని ఎక్కించి ఎక్కడ దింపుతాడో అదొక్కటే తేలాలి. ఆ రాత్రి అన్నం పెట్టేటప్పుడు గిన్నె కొంచెం గట్టిగానే కింద పెట్టాను. ఆయన తల ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఏమీ అనకుండానే "చలి ఎక్కువైంది" అన్నాడు.

మర్నాడు ఆయన చెలకకు పోగానే పడవ ఎక్కాను. పోట్లాటకు కావలసిన మాటలన్నీ దారిలో వరసగా పేర్చుకున్నాను. నాకు మాటలకు కొదవ లేదు.

యాదక్క నాకంటే పెద్దది, పళ్లు కొన్ని లేవు. నన్ను చూడగానే పీట వేసి కూర్చోబెట్టింది. "సుశీలక్కవు గదా? సాంబన్న చెప్పిండు, ముక్కు మీద కోపం ఉంటదని. చూడంగనే అర్థమైంది," అంది.

పేర్చుకున్న మాటల్లో ముందుదే జారిపోయింది. ఇలాంటప్పుడు నేనొక పని చేస్తాను. అన్నీ తెలిసినట్టు తల ఊపి ఊరుకుంటాను. ఎదుటివాళ్లు మిగతాది వాళ్లే చెబుతారు. అలాగే తల ఊపాను.

"మంచి పని చేస్తాండ్రక్కా," అంది యాదక్క, గొంతు తగ్గించి. "ఇల్లు పోతే ఇల్లు కట్టుకోవచ్చు. పానం పోతే తెచ్చుకుంటమా? చలికాలం ఎల్లేలోపు ఇడువుమన్నరంటే, గన్ని దినాలన్న ఇచ్చిండ్రు, నయం. మా తమ్ముడు మీకు మడి కౌలుకు ఇస్తడు, వానకాలంల నాటు ఏసుకోండ్రి. గప్పటిదాంక బండ్ల తిరుగుండ్రి. సాంబన్న ఏమన్నడు తెల్సా? 'నా భార్యకు ఇప్పుడే చెప్పకు యాదక్కా, ముందుగాల్ల దానికి దేశం జర చూపిచ్చుకొస్త' అన్నడు."

నేను తల ఊపుతూనే ఉన్నాను. ఆపితే పడిపోతానేమో అనిపించింది. ఆమె ఇడ్లీలు పెట్టింది, తిన్నాను, రుచి తెలియలేదు. తిరిగి పడవలో కూర్చున్నప్పుడు నాకు ఆ ముసలామె మీద ఎక్కడలేని కోపం వచ్చింది, సవతి కానందుకు. సవతి అయితే జుట్టు పట్టుకునేదాన్ని. ఇప్పుడు ఎవరి జుట్టు పట్టుకోవాలి?

సాంబన్న వ్యానులో తలుపు గడియ బిగిస్తున్నాడు. నేను ఎక్కి ఎదురుగా మంచం మీద కూర్చున్నాను.

"జంగు ఏమన్నడు?" అన్నాను.

నా ముఖం చూశాడు. సుత్తి కింద పెట్టాడు. ఈసారి కారణాలేవీ చెప్పలేదు.

"ఊరు ఇడువుమన్నరు."

మిగతాది నేను ఒక్కొక్కటే లాగాను. పోయిన చలికాలం, ఇంకా డ్యూటీలో ఉండగా, భామ్రాగడ్ బస్సులో ఒకడు ఇంజను పక్కన వచ్చి కూర్చున్నాడట. చేతికి మంచి గడియారం, మంచి మాట. ఈ వాగు పేరేంది, ఆ గూడెం ఎటు, వర్షాలకు ఏ తొవ్వ తెగుతుంది అని అడిగాడట. మా ఆయనకు దారుల గురించి అడిగితే చాలు, ఆకలి కూడా గుర్తుండదు. అన్నీ చెప్పాడు. దారి అడిగితే చెప్పనివాడు డ్రైవరెట్లయితాడు? కొన్ని రోజులకు ఆ గూడేల్లోనే పోలీసులు దిగారు, మనుషులను పట్టుకుపోయారు. చెప్పింది బస్సు సాంబన్నే అని అడవిలోవాళ్లకు మాట పోయింది. పాత మొహమాటం కొద్దీ చంపలేదు. చలికాలం దాటాక ఇక్కడ కనపడవద్దని జంగు చేత చెప్పించారు. ఆలపెల్లి అడవి రోడ్డు ఎక్కవద్దని జంగు తన మాటగా చెప్పిపోయాడు. గోదారి దాటడం అందుకు.

"నేను పోయి మాట్లాడుత," అన్నాను.

"ఎవరితోని? చెట్లతోనా?"

"పోలీసులకు చెప్పు మరి."

"చెప్తే అయిపాయె. అవునట, వీడు పోలీసోళ్ల మనిషే అంటరు అడివిలోళ్లు."

నిజమే. ఎవరికి చెప్పినా అది నిజమైపోతుంది. ఊళ్లో ఎవరితో ఏడ్చినా అది నిజమైపోతుంది. నా తండ్రి పొలం, నా ఇల్లు, నేను పెంచిన గొడ్లు, అన్నీ వదిలి వెళ్లాలి, వదులుతున్నట్టు ఎవరికీ తెలియకూడదు. అప్పుడు ఏడుపు వచ్చింది. ఆ పరదాల మధ్య కూర్చుని, చప్పుడు బయటికి పోకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు రావు, మొండిదానివి. ఈడనే కూసుంటవు. నువ్వు కూసుంటే నేనూ కూసుంట." కొంచెం ఆగి, "పొయ్యేటప్పుడన్న నువ్వు నవ్వుకుంట పోతే బాగుండు అనుకున్న," అన్నాడు.

నాకు చాలా కోపం వచ్చింది, చాలా జాలి వేసింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. ముక్కు చీదుకుని లేచాను.

"నీకు అబద్ధం ఆడుడు రాదు," అన్నాను. "వానకాలం నుంచి చూస్తాన్న. నేనే పసిగట్టిన్నంటే ఊరు పసిగట్టదా? ఇగ నువ్వు నోరు మూసుకో. నేను చెప్పినట్టు చెయ్యి."

ఆ తర్వాత చలికాలం పథకం నాదే. అనుమానించడం తెలిసిన మనిషికి అనుమానం ఎక్కడ పుడుతుందో కూడా తెలుస్తుంది. విత్తనం మూట విప్పి, వడ్లను రెండు దిండ్లలో కుట్టాను, పైన దూది వేసి. నలుగురూ చూస్తుండగా చెలకలో పెంట కుప్పలు వేయించాను, వచ్చే పంటకన్నట్టు. మంచాలకు కొత్త బొంతలు కుట్టి వాకిట్లో ఎండేశాను, ఉత్తరాది చలికని అందరికీ చెప్పాను. గొడ్లను మా మరిది కొండన్న కొట్టంలో కట్టేసి, వచ్చాక పాల లెక్క అడుగుతానని గట్టిగా పోట్లాడాను. పోట్లాడితేనే నమ్ముతారు. వసారాలో హరిద్వార్ నుంచి సిరొంచ దాకా చింతగింజలు నేనే పేర్చాను, దగ్గర దగ్గరగా, వచ్చినవాళ్లందరికీ కనపడేట్టు. జగ్గయ్య వచ్చి చూసి, ఆ దారిలో ఏ ఊళ్లో నారింజలు చవకో చెప్పి పోయాడు. మంచిర్యాలలో ఉన్న మా బిడ్డ నవతకు ఫోను చేసి, ఉన్ని స్వెటరు పంపమన్నాను. అదీ నమ్మింది. ఫోను పెట్టేశాక బూత్‌లోనే కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను.

గోదారి నీళ్లు తగ్గాయి. పడవవాళ్లు రెండు పడవలు జోడించి పలకలు పరిచాం రమ్మన్నారు. పొద్దున్నే వ్యాను వాకిట్లో నిలబెట్టి కొబ్బరికాయ కొట్టాం. వాడకట్టు అంతా వచ్చింది. కుంకుమ పెట్టేవాళ్లు, గంగ నీళ్లు తెమ్మనేవాళ్లు, కాశిలో తమ పేరు చెప్పి మునగమనేవాళ్లు. నేను అందరికీ సరే అన్నాను, గట్టిగా నవ్వాను. మా ఆయన స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు, ఇటు తిరిగితే ముఖం దాయడం ఆయనకు రాదు.

ఇంటి తలుపు దగ్గర తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. లోపల నా పొయ్యి, నేను అలికిన గోడలు. నా చెయ్యి కదలలేదు. నర్సక్క వచ్చి తాళం లాక్కుంది.

"తాళమెందుకు వదినె? తాళం ఏస్తే దొంగలకు చెప్పినట్టే. గొళ్లెం పెట్టు చాలు. పొద్దున మాపున నేను ఊడ్సి దీపం పెడుత. ఇంతకూ ఎప్పుడొస్తరు?"

"ఉగాదికి," అన్నాను.

"ఉగాదికి నీ ఇల్లు నేనే అలికి పెడుత. పచ్చడి కూడ ఇద్దరికీ నేనే చేస్త. నువ్వు వచ్చి కాళ్లు కడుక్కొని తినుడే."

నేను ఆమె కళ్లలోకి చూశాను. నా కళ్లు ఎర్రగా ఉన్నాయి, నా చెయ్యి తలుపు చెక్కను వదలడం లేదు. నేనైతే ఎప్పుడో పట్టేసేదాన్ని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి లోకంలో అందరినీ అనుమానించాను. ఆ ఒక్క పూట నన్ను ఎవరైనా అనుమానిస్తే బాగుండుననిపించింది. ఒక్క మాట, "నిజంగనే వస్తవా వదినె?" అని అడిగితే చాలు, అక్కడే కూలబడి అంతా చెప్పేసేదాన్ని.

నర్సక్క అడగలేదు. నా కొంగు సరిచేసి, "చలి జాగ్రత్త," అంది, నా ఇంటి తలుపు దగ్గరికి వేసి గొళ్లెం పెట్టింది.